తొమ్మిదో మీటలో ఉన్న గొంతు

నేను ఒక బీట్ మెషిన్‌ని. చపాతీ పీటంత నల్లటి పెట్టెను. నా మీద పదహారు రబ్బరు మీటలు, రెండు తిప్పే నాబ్‌లు, ఒక చిన్న తెర ఉంటాయి. మైకులో పడిన చప్పుడేదైనా నాలో దాచుకుంటాను. డప్పు కావచ్చు, చప్పట్లు కావచ్చు, మనిషి గొంతు కావచ్చు. మీట కొడితే దాచింది దాచినట్టు వినిపిస్తాను. అబద్ధమాడటం నాకు చేతకాదు. ఆ సంగతి తెలియక ఒకడు నన్ను ఏళ్ల తరబడి నమ్ముకున్నాడు. వాడి కథే ఇది. మర్యాదగా చెబుతానని మాత్రం అనుకోకండి.

సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నా మీటలన్నీ ఒకటొకటిగా నొక్కి చూసి స్టిక్కరు అంటించింది. ఓడెక్కి, లారీ ఎక్కి, హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీకి చేరాను. అక్కడ ఏడు నెలలు షాపు అద్దాల వెనక కూర్చున్నాను. వచ్చినవాడల్లా నన్ను టకటకా కొట్టి, పెదవి విరిచి పోయేవాడు. చివరికి కొన్నది కెజియా.

కెజియా బొల్లారం పిల్ల. ఒక స్కూల్లో సంగీతం టీచరు, ఆదివారాలు చర్చిలో పాడేది. నన్ను ఇంటికి తీసుకెళ్లగానే బోర్లా తిప్పి, కడుపు మీద ఎర్రటి గోళ్ల రంగుతో తన పేరు రాసుకుంది. "ఎవలన్న ఎత్తుకపోతే దొరకాలె గద" అంది వాళ్లమ్మతో. తరువాత రేకుల కప్పు మీద పడుతున్న వాన చప్పుడు నాలో నింపింది. వాళ్లమ్మ కుక్కరు ఈల నింపింది. ఆ రెంటినీ కలిపి దరువు కడితే వాళ్లమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "నా కుక్కరును గూడ పాటల పెట్టినవా!" అని నవ్వింది. నా బతుకులో మంచి రోజులంటే అవే.

ఒక కాలేజీ ఫెస్టులో పాడటానికి పోయినప్పుడు ఆమెకు నల్లగంటి ప్రణీత్ పరిచయమయ్యాడు. బల్ల మీద వేళ్లతో దరువేస్తుంటే చుట్టూ జనం మూగేవాళ్లు. వాడికి విద్య ఉంది, లేదనను. ఉన్నందుకే నాకు మరీ ఒళ్లు మండుతుంది. నన్నెలా వాడాలో కెజియాయే వాడికి నేర్పింది. పెళ్లి చేసుకున్నారు. యూసుఫ్‌గూడలో రెండు గదులు తీసుకుని, ఒక గది గోడలకు గుడ్ల అట్టలు అంటించి స్టూడియో అన్నారు. ప్రణీత్ తన పేరును 'ఫిరంగి' అని మార్చుకున్నాడు. కొన్నాళ్లకు ఒక ఇంటర్వ్యూలో, "ఈ మెషిన్ నాకు పాత సామాన్ల షాపుల దొరికింది, నేనే బాగుచేసుకున్న" అన్నాడు. సిగ్గులేని వెధవ! నన్ను బల్లకు టేపు వేసి అంటించాడు కాబట్టి నా కడుపు మీది పేరు ఎవరికీ కనబడలేదు.

ఆ రోజు జూన్ పద్నాలుగు, మధ్యాహ్నం. నా లోపల ఒక గడియారం ఉంది, తారీఖు మరిచిపోను. ఆ వాన, ఆ ఈల వేసి కట్టిన పాట దాదాపు అయిపోయింది. చప్పట్లు ఎక్కించడానికి కెజియా మైకు ముందు నిలబడింది. నేను రికార్డు చేస్తున్నాను. చప్పట్లు కొట్టబోతూ ఆగి, వాడి వైపు తిరిగింది.

"ప్రణీత్, ఈ పాట మీద నా పేరు గూడ ఎయ్యాలె. సగం నేను జేసిన."

వాడు లేచి వచ్చి ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు.

"ఏయ్!" అని అరిచింది కెజియా. "ఇడువు... ప్రణీత్, ఇడువు, ఎముక ఇరుగుతది..." ఎముక విరిగింది. ఆ చప్పుడు కూడా నాలో పడింది. "పేరు గావాల్నా? ఇంకోసారి అడుగు, చెప్త" అన్నాడు వాడు. ఆ తరువాత ఆమె ఏడుపు. ముప్పై సెకన్లు నిండగానే నా అంతట నేను ఆగిపోయాను. ఒకసారికి అంతకంటే ఎక్కువ పట్టుకోలేను.

బాత్రూంలో జారిపడిందని ఆసుపత్రిలో రాయించాడు. ఇంటికొచ్చి, పిండికట్టు చేతితో ఆమెను పడుకోబెట్టి, నా ముందు కూర్చున్నాడు. రికార్డయింది విన్నాడు. ఇప్పుడైనా వీడి మొహం మాడుతుందేమోనని చూశాను. మాడలేదు. మూడుసార్లు విన్నాడు. "అబ్బ, ఏం ఫైర్ ఉన్నదిరా ఇండ్ల!" అన్నాడు. నాబ్ తిప్పి ఆ మొదటి 'ఏయ్!' వరకే ఉంచి, తొమ్మిదో మీటలో పెట్టుకున్నాడు.

ఇక్కడ నా పనితీరు గురించి ఒక ముక్క చెప్పాలి. నాబ్ తిప్పి కత్తిరిస్తే మిగతాది పోదు. ఎక్కడ ఆగాలో ఒక గుర్తు పెట్టుకుంటాను, అంతే. మిగతాది నిజంగా పోవాలంటే విడిగా తుడిపేయమని చెప్పాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పుడూ తొందరలోనే ఉంటారు, ఆ చివరి మెట్టు ఎక్కరు. ఫిరంగి కూడా ఎక్కలేదు.

ఆ పాట ఊరంతా మోగింది. జిమ్ముల్లో, పెళ్లి బరాత్‌లలో, వినాయకుడి నిమజ్జనం లారీల మీద అదే. 'ఏయ్!' అనగానే జనం ఒక్కసారి గెంతేవాళ్లు. అప్పటి నుంచి వాడు చేసిన ప్రతి పాటా ఆ కేకతోనే మొదలయ్యేది. ఆ కేక తన భార్యదని స్టేజీల మీద గొప్పగా చెప్పేవాడు గానీ, పాటల మీద పేరు మాత్రం ఒక్కటే, ఫిరంగి. కెజియా కట్టు విప్పుకుని ఇంటికొస్తుంటే ఆటోలో అదే పాట మోగిందట. ఆటో దిగి నడిచి వచ్చింది.

ఆమె ఒక్కతే అనుకునేరు! ఒక కోరస్ అమ్మాయి శ్రుతి తప్పిందని మొహం మీదికి హెడ్‌ఫోన్లు విసిరాడు. ఒక డాన్సరును జుట్టు పట్టుకుని గదిలోంచి ఈడ్చాడు. మర్నాడు పూలగుత్తి పంపేవాడు. గదిలో ఉన్న మగాళ్లు అప్పుడు ఫోన్లలోకి తలలు దూర్చేవాళ్లు. "అన్న మంచోడే, జర గుస్స ఎక్కువ" అనుకునేవాళ్లు బయటికి పోతూ. వాళ్ల నోళ్లు పడిపోను, అందులో ఒక్కడైనా వాడి చెయ్యి పట్టుకుని ఆపాడా?

రెండేళ్లు భరించి కెజియా పుట్టింటికి వెళ్లిపోయింది, పోలీసులకు ఫిర్యాదు చేసింది. అక్కడ ఫిర్యాదు రాసుకునే రైటరు ఆమెను గుర్తుపట్టి, "'ఏయ్' మేడం మీరేనా? ఒక్కసారి అనుండ్రి, మా పిల్లగాడు మీ గొంతంటే పడి సస్తడు" అన్నాడట. ఇక అభిమానులు ఊరుకుంటారా? కొట్టేవాడైతే వాడి ప్రతి పాటలో నీ గొంతెందుకుంది, ఇష్టపడే కదా అరిచావు అని దుమ్మెత్తిపోశారు. ఆమె కేకనే ఆమె మీదికి సాక్ష్యంగా తెచ్చారు. దెబ్బకు రుజువు లేదని ఫైలు మూసేశారు.

నాలుగేళ్ల తరువాత స్టూడియోకు ఇందుజ వచ్చింది. కరీంనగర్ నుంచి బీట్లు నేర్చుకుందామని వచ్చిన పిల్ల. కెజియాను ఫోన్లో తిట్టిన గుంపులో ఆమె కూడా ఉంది. చేరిన మూడో నెలలో ఫిరంగి ఆమె చెవి మీద కొట్టాడు. వారం రోజులు ఆ చెవిలో గుయ్యిమని మోగింది. అయినా పని మానలేదు. నేర్చుకోవాలన్న ఆశ అంత పాడుది.

ఒకరోజు పొద్దున జిమ్ముకు పోతూ వాడు ఆమెకు పని చెప్పాడు. "కొత్త పాటకు ఆ 'ఏయ్' చిన్నగుంది. జర సాగదియ్."

అదీ, వాడి నోటితో వాడే చెప్పాడు! కేక ఇంకా కొంచెం ఉందేమో చూద్దామని ఇందుజ నాబ్‌ను కుడివైపు తిప్పి, తొమ్మిదో మీట నొక్కింది. నేను ఉన్నదంతా చెప్పేశాను. ముప్పై సెకన్లూ.

ఇందుజ ఒక చెయ్యి తన చెవి మీద పెట్టుకుని రెండోసారి విన్నది. టేపు పీకి నన్ను తిరగేసి, ఎర్రటి పేరు చూసింది. దుప్పట్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, బొల్లారానికి ఆటో మాట్లాడింది.

కెజియా తలుపు తీసింది. ఎడమ మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తో సీసా మూత కూడా తిప్పలేకపోతోందని తరువాత తెలిసింది.

"అక్కా, నేను గూడ నిన్ను తిట్టిన. కామెంట్ల రాసిన" అంది ఇందుజ గడపలోనే.

"సరే, లోపల్కి రా. అదిటియ్యి."

ముగ్గురూ కూర్చుని విన్నారు, కెజియా, వాళ్లమ్మ, ఇందుజ. వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మళ్ల ఠాణాకు పోయి మళ్ల నవ్విచ్చుకోవాల్నా?" అంది కెజియా. "ఈసారి గూడ నమ్మకపోతే నేను బతకలేను పిల్లా."

"ఈసారి నువ్వు చెప్పకక్కా. ఇది చెప్తది. నా చెవి సంగతి నేను చెప్త."

అలా నేను పోలీసుల చేతికి, అక్కడి నుంచి ల్యాబుకు, చివరికి కోర్టుకు పోయాను. వాడి వకీలు గొప్పగానే మాట్లాడాడు. అది కళ అన్నాడు, ఆవిడ సంతోషంగా ఇచ్చిన గొంతు అన్నాడు. మేజిస్ట్రేటు మేడం వినిపించమన్నారు. కెజియాయే వచ్చి, కుడిచేత్తో తొమ్మిదో మీట నొక్కింది.

'ఏయ్!' అన్నాను. వెనక బెంచీ మీద ఒక కుర్రాడి కాలు అలవాటుగా తాళం వేసింది. ఎప్పుడూ అక్కడే ఆపేవాళ్లు. ఆ రోజు ఎవరూ ఆపలేదు. ఇడువు, ప్రణీత్, ఇడువు. ఎముక చప్పుడు. పేరు గావాల్నా. కుర్రాడి కాలు ఆగిపోయింది. ఫిరంగి నావైపు చూశాడు. చూడరా, బాగా చూడు, నన్ను పాత సామాన్లలో దొరికిందన్నావు కదా!

నా గడియారంలోని తారీఖు, ఆసుపత్రి రిజిస్టరులోని తారీఖు ఒక్కటేనని తేలింది. ఇందుజ తన చెవి సంగతి చెప్పింది. ఆమె వెనకే కోరస్ అమ్మాయి, డాన్సరు కూడా వచ్చి చెప్పారు. వాడికి జైలు శిక్ష పడింది. వాడు పై కోర్టుకు పోయాడు, అదింకా నడుస్తోంది.

ప్రస్తుతం కోర్టు సామాన్ల గదిలో ఉన్నాను. ఒకపక్క తుప్పు పట్టిన కత్తి, మరోపక్క ఎవరిదో స్కూటర్ నంబరు పలక. నా వస్తువు నాకిప్పించండని ఫిరంగి అర్జీ పెట్టుకున్నాడు. గుమాస్తా నన్ను తిరగేసి చూసి, చీటీలో కెజియా పేరు రాశాడు.

మొన్న సంతకం పెట్టడానికి కెజియా వచ్చింది. "అప్పీలు తేలినంక మీకే ఇస్తం మేడం" అంటున్నాడు గుమాస్తా. అంతలో బయట వీధిలో బరాత్ వచ్చింది. ఆ పాటే. 'ఏయ్!' అని కేక, జనం గెంతులు. గుమాస్తా మొహం చిన్నబోయింది. తల వంచుకుని, గబగబా కిటికీ మూయబోయాడు.

"ముయ్యకుండ్రి సార్" అంది కెజియా. "ఆ వాన మా ఇంటి రేకులది. ఆ ఈల మా అమ్మ కుక్కరుది. సగం పాట నేను జేసిన."