నా కోటు తిన్న బ్లోయర్

కెనడాలో మా సగ్నే పక్క అక్టోబరు వచ్చిందంటే ప్రతివాడూ ఇంటి నుంచి రోడ్డు దాకా తన బాటకి రెండువైపులా కర్రలు పాతేస్తాడు. నేల గడ్డకట్టాక గునపం కూడా దిగదు మరి. మంచు కప్పేశాక బాటేదో పక్కనున్న గుంటేదో చెప్పేవి ఆ కర్రలే. నేను మాత్రం పాతలేదు.

"ఈ బాట మీదే పుట్టాను, ఈ బాట మీదే పెరిగాను. కళ్ళు మూసుకుని ట్రాక్టర్ నడుపుతాను, నాకెందుకే కర్రలు?" అన్నాను మా ఆవిడ యుగెట్‌తో. ఆవిడ మూతి తిప్పుకుంది. అప్పుడే నేను భయపడాల్సింది.

జనవరిలో తుఫాను పట్టుకుంది. ఇంటికీ ఆవుల కొట్టానికీ మధ్య తిరగడమే గానీ బాట మొహం చూడలేదు. తెరిపిచ్చిన పొద్దున పాలు పితికేసరికి మా పాల ట్యాంకు మూతిదాకా నిండిపోయింది. అంతలో పాల ట్యాంకర్ తోలే రెనాల్డ్ ఫోను.

"ఒనిల్, మీ పక్కింటి ఫెర్నాన్ దగ్గర పాలు ఎక్కించుకుంటున్నా. ఇది అయ్యేలోపు నీ బాట తెరిచావా సరే. లేదంటే నేను ముందుకెళ్ళిపోతా, ఇంకా చాలామంది నాకోసం చూస్తున్నారు."

వెళ్ళిపోతే ఇంకేముంది! సాయంత్రం పాలకి చోటుండదు, ఉన్న పాలన్నీ పేడ గుంటలో పారబోయాలి.

"ఇదిగో, మలుపు దగ్గర నేనూ..." అని ఏదో మొదలెట్టింది యుగెట్.

"బాట సంగతి నాకు చెప్తావటే నువ్వు?" అని బయటికి ఉరికాను. ట్రాక్టర్ ఎక్కేటప్పుడు వేసుకునే నా ఎర్ర కోటు మేకుకి లేదు. తిట్టుకుంటూ చేతికందిన ఇంకోటి తగిలించుకున్నాను.

మంచుని కొరికి గొట్టంలోంచి దూరంగా ఊదే మా బ్లోయర్ ట్రాక్టర్ వెనకాల ఉంటుంది. వెనక్కి నడుపుతూ, మెడ తిప్పి చూస్తూ ఊదాలి. ముందు గాలి ఎటో చూసుకుని గొట్టం అటే తిప్పాలి. లేదా, ఊదిన మంచంతా మన మొహానికే. ఇంజను జోరుగా తిరగాలి, చక్రాలు మాత్రం నత్తలా కదలాలి. మంచు ఎత్తుగా ఉన్నచోట బ్లోయర్‌కి నిండా పెట్టకూడదు, సగం సగం తినిపించాలి. ఇవన్నీ నాకు కొట్టినపిండి. మంచి హుషారుగా ఈల వేసుకుంటూ మలుపు దాకా వచ్చాను.

ఫట్!

బ్లోయర్ నోట్లో మంచు కొరికే మర ఆగిపోయింది. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగాను. బోల్టు తెగింది. అది తెగడానికే పెట్టిన మెత్తటి బోల్టు. మరకి ఏదైనా అడ్డం పడితే తను తెగి గేర్‌బాక్సుని కాపాడుతుంది. వేరేవి పెట్టుకుంటే సరిపోతుంది. కానీ అవి ఎక్కడున్నాయి? నా ఎర్ర కోటు జేబులో!

చప్పుడు విని ఫెర్నాన్ మంచు మీద నడిచే తన స్నోమొబైల్ ఎక్కి వచ్చేశాడు. చేతిలో తళతళలాడే బోల్టొకటి.

"ఒరేయ్, ఇది గట్టి ఉక్కురా. పెట్టి చూడు, చచ్చినా తెగదు."

"తెగదు కాబట్టే వద్దురా! ఇది తెగకపోతే తర్వాత పోయేది గేర్‌బాక్సు. అప్పుడు నువ్వు నీ నోటితో ఊదుతావా నా బాట?"

"నీ ఖర్మ. రెనాల్డ్ మా ఇంట్లో పాల పైపు చుట్టేస్తున్నాడు మరి."

ఇంతలో యుగెట్ మోకాళ్ళలోతు మంచులో అడ్డదారిన ఈదుకుంటూ వచ్చింది.

"నా ఎర్ర కోటు ఏం చేశావే?" అని అరిచాను.

"చెప్పనిస్తేగా!" అని బ్లోయర్ నోటికేసి చెయ్యి చూపించింది.

ట్రాక్టర్‌లో ఉన్న కర్ర తెచ్చి మరలో పొడిచి లాగాను. ముందు ఎర్ర చెయ్యి ఒకటి వచ్చింది, ఆ తర్వాత నా కోటంతా.

"నువ్వు కర్రలు పాతవు కదా! తుఫానుకి ముందు మధ్యాహ్నం నువ్వు గుర్రు పెడుతుంటే, గుంట అంచున ఓ మంచు మనిషిని చేసి నీ కోటు తొడిగాను. ఎర్రగా కనపడతాడని. వాణ్ణి కూడా మంచు కప్పేసింది, నేనేం చెయ్యను?"

"గుంట అంచునా? గుంట ఇక్కడెక్కడుందే? అల్లంత దూరాన..." అంటూ బ్లోయర్ పక్కన ఒక్క అడుగు వేశాను. నడుం దాకా దిగబడిపోయాను.

ఫెర్నాన్ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. ఆ కోటు అడ్డం పడి బోల్టు తెగకపోతే, ట్రాక్టరూ నేనూ గుంటలో బోర్లా పడి ఉండేవాళ్ళం. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టి నన్ను పైకి లాగారు.

కోటు జేబు బొత్తాం ఊడలేదు. బోల్టులు లోపలే ఉన్నాయి. ఒకటి తీసి బిగించాను.

యుగెట్ ఆ చిరుగుల కోటు తనే తొడుక్కుంది. కాస్త ఎడంగా గుంట అంచున చేతులు బారజాపి నిలబడింది. నేను గొట్టం అవతలివైపు తిప్పుకున్నాను.

"ఇటు రాకు! అటు, ఇంకా అటు! మెడ తిప్పి చూడు, నా మొహంలో ఏముందీ!"

చెప్పినట్టల్లా విన్నాను. పెళ్ళయ్యాక అంత బుద్ధిగా ఎప్పుడూ వినలేదు. చివరి కొరుకు కొరికి రోడ్డెక్కేసరికి ట్యాంకర్ హారన్ వినపడింది.

రెనాల్డ్ మలుపు దగ్గర ఆపి అద్దం దించాడు. "అదేంటి యుగెట్, ఈ చలిలో అక్కడ నిలబడ్డావ్?"

"మా ఆయన కళ్ళు మూసుకుని నడుపుతాడయ్యా. అందుకని నేను కర్రనయ్యాను."

రెనాల్డ్ నావైపు చూశాడు. నేను టోపీ కిందకి లాక్కున్నాను. తర్వాతి అక్టోబరులో మా ఊళ్ళో అందరికంటే ముందు కర్రలు పాతినవాణ్ణి నేనే. మలుపు దగ్గర కర్రకి మాత్రం ఆవిడ ఆ చిరిగిన ఎర్ర కోటే తొడిగింది. నేను కాదనలేదు.