దాత నంబరు ఒకటి

నేను ఒక గాజు గొట్టాన్ని. వేలెడంత పొడవు, ఊదారంగు రబ్బరు మూత. కర్మాగారంలో నా కడుపులోని గాలినంతా లాగివేసి మూత బిగించారు. అందుచేత దాహంతోనే పుట్టాను. సూది ఒక కొన నరంలో, మరో కొన నాలో దిగితే చాలు, రక్తం తనంతట తాను నాలోకి దూకుతుంది. ఎవరి రక్తమని అడగడానికి నాకు నోరు లేదు. నోరున్నవారూ అడగలేదు.

తాళ్లవలస ఎమ్మెల్యే గుండె ఆగి చనిపోయాడు. ఉప ఎన్నిక వచ్చింది. గొడుగు పార్టీ ఆయన కొడుకు ప్రసన్నబాబును నిలబెట్టింది. తాళంచెవి పార్టీ ఎదురు నిలిచింది. నాయకుడి జయంతికి రక్తదాన శిబిరం పెట్టడం, తొలి రక్తం వారసుడే ఇవ్వడం, ఆ ఫొటో మర్నాటి పత్రికలో రావడం ఇక్కడి ఆచారం. కల్యాణమండపంలో మంచాలు వేశారు. మొదటి మంచం మీద ప్రసన్నబాబు పడుకున్నాడు. ఆయనకు సూదిని చూస్తే కళ్లు తిరుగుతాయి. టెక్నీషియను సూదిని చర్మానికి ఆనించి పైన ప్లాస్టరు అంటించాడు. నిజమైన సూది పక్క మంచం మీద అప్పలసూరి మోచేతిలో దిగింది. సూరి ఆ పార్టీ ప్రచారపు ఆటో నడిపేవాడు. ముప్పై అయిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"నొప్పిగా ఉందా సూరీ?" అన్నాడు ప్రసన్నబాబు, ఫొటోకు నవ్వుతూనే.

"నాకేటి బావూ, సీమ కుట్టినట్టుంది. తమరు కదలకండి, పలాస్త్రీ ఊడిపోద్ది."

పరీక్ష కోసం నన్నూ ఆ రక్తంతోనే నింపారు. రిజిస్టరులో మొదటి దాత అభ్యర్థే కావాలి గనుక నా మెడకు చీటీ అంటించారు: దాత నం. 1, ప్రసన్నబాబు.

తాళంచెవి పార్టీ మండల నాయకుడు తవిటినాయుడు శిబిరం నుంచి రక్తనమూనాల పెట్టె మోసేవాడి చేయి తడిపాడు. టిఫిన్ క్యారియర్‌లో మంచుగడ్డల నడుమ నేను నగరం చేరాను. అక్కడి ల్యాబులో నన్ను కళ్లు బైర్లు కమ్మేలా తిప్పారు. రక్తాన్ని విడగొట్టి, కణాన్ని పగలగొట్టి, కణంలో చుట్టుకొని ఉన్న పోగును విప్పి చదివారు.

"దీన్ని చదవడానికి ఆయన ఒప్పుకున్నారా?" అని అక్కడి అమ్మాయి ఒకతె అడిగింది.

"ఓటర్లు ఒప్పుకుంటార్లేమ్మా," అన్నాడు తవిటినాయుడు.

ఆ పోగులో ఒక వంశపు జబ్బు కనిపించింది. నలభై దాటేసరికి చేతులూ కాళ్లూ వాటంతట అవే ఎగురుతాయి. ఆపైన మతి పోతుంది. మందు లేదు. పిల్లల్లో ప్రతివారికీ అది వచ్చేందుకు సగానికి సగం అవకాశం.

మూడోనాటికి కరపత్రాలు ఊళ్ల మీద పడ్డాయి. 'రేపటి పిచ్చివాడికా మీ ఓటు?' గొడుగువారు ఆ ప్రెస్సు మీద పడి యంత్రం విరగ్గొట్టారు. అచ్చు వేసినవాడి పళ్లు రాలగొట్టారు. తాళంచెవివారు గొడుగు ఆఫీసును తగలబెట్టారు. మనుషులు వింతవారు. ఒకడి రక్తంలో ఏముందో తేల్చడానికి పదిమంది రక్తం నేల మీద పారబోసుకుంటారు.

శనివారం సంతలో తవిటినాయుడు జీపు పైకెక్కి నన్ను ఎత్తి చూపాడు. "సూడండి తల్లీ, సూడండి నాయినా! ఇది మీ గొడుగు బాబు రగతం. అయిదేళ్లలో ఈయన సేతులు ఈయన మాట ఇనవు. అలాటి సేతుల్లో మీ ఊరెడతారా?"

"ముందు నీ నోరు నీ మాటింతందేటిరా తవిటిగా!" అని ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మీదుగా మొదటి రాయి వచ్చింది. రాయి వెంట రాళ్లు, రాళ్ల వెంట కర్రలు. కూరగాయల బుట్టలు నలిగాయి, తక్కెళ్లు ఆయుధాలయ్యాయి. అప్పలసూరి జెండాకర్రతో జీపెక్కి తవిటినాయుడి భుజం విరిగేలా కొట్టాడు. "మా బాబుకి రోగమంటావా? ఆ రగతం మా బాబుదేనంటావా?" అంటూ రెండో దెబ్బ ఎత్తి, కింద పడిన నన్ను చూశాడు. చీటీ చదివాడు. దాత నం. 1.

ఎత్తిన కర్ర గాలిలోనే నిలిచిపోయింది. మొదటి దాత ఎవరో ఆ సంతలో అతనొక్కడికే తెలుసు. అంతలో పక్కనుంచి పడిన గొడ్డలి కామ అతని నుదురు చీల్చింది. ఆ నెత్తుటి చేత్తోనే నన్ను తీసి జేబులో వేసుకున్నాడు.

అతని తండ్రి అలాగే చేతులు విసురుతూ, తాగుబోతని తన్నులు తింటూ, చివరికి నూతిలో పడి పోయాడు. ఒకసారి పెద్దాసుపత్రి డాక్టరు, నువ్వూ పరీక్ష చేయించుకో అన్నాడు. సూరి వద్దన్నాడు. తెలియకుండా బతకడమే తనకు మిగిలిన సుఖమని నమ్మాడు. ఆ సుఖాన్ని ఇప్పుడు కరపత్రం మీద అచ్చు వేసి పంచిపెట్టారు, మరొకరి పేరుతో.

నుదుటికి కట్టుతోనే సూరి వెళ్లి ప్రసన్నబాబు కాళ్ల మీద పడ్డాడు. "ఆ రగతం నాదని ఎవుల్తోటీ సెప్పకండి బావూ. నా పిల్లలున్నారు."

"ఛ, ఛ, నేనెందుకు చెబుతాను సూరీ?" అన్నాడాయన. పోలింగుకు రెండు రోజుల ముందు విలేకరులను పిలిచి చెప్పాడు. సూరి పేరు, వాడ, పిల్లలు చదివే బడి, అన్నీ చెప్పాడు. గెలిచాడు.

ఆటో తాళాలు తీసుకున్నారు. బడిలో పిల్లలను విడిగా కూర్చోబెట్టారు. రెండు పార్టీల కుర్రకారూ కలిసి సూరి ఎదుట చేతులు విసిరి నాట్యం చేశారు; ఆ ఎన్నికలో వారికి కుదిరిన సయోధ్య అదొక్కటే. అందరి కళ్లూ అతని కుడిచేతి మీదే. గ్లాసు పట్టుకుంటే చూపు, బీడీ వెలిగిస్తే చూపు.

అతని భార్య దాలమ్మ నన్ను కొంగున కట్టుకొని, మొగుణ్ని వెంటబెట్టుకొని పోలీసు స్టేషనుకు వెళ్లింది. "మా మావ రగతం మా మావకి సెప్పకుండా సదివేసినారు బావూ. కేసు రాయండి."

ఎస్సై చీటీ తిప్పి చూశాడు. "దీని మీద ఎమ్మెల్యేగారి పేరుందమ్మా. ఫిర్యాదు ఆయన ఇవ్వాలి. ఇది మీ ఆయనదే అనాలంటే మళ్లీ రక్తం తీసి, అదే పరీక్ష చేసి, కోర్టులో చదవాలి."

"అంటే," అన్నాడు సూరి, "నన్నడక్కుండా సదివినారని రుజువు సెయ్యాలంటే, మళ్లీ సదవనివ్వాలా?"

"రూలది."

సూరి నన్ను బల్ల మీదనుంచి లాక్కొని ఆవరణలోకి పరుగెత్తాడు. మూత పీకి, అడుగంటిన ఆ నల్లని నెత్తురు దులిపి, నన్ను రాతికేసి కొట్టాడు. సాక్ష్యం పాడుచేశావురా అంటూ లాఠీలు వచ్చాయి. నన్ను పట్టుకున్న ఆ కుడిచేతి మీదే కొట్టారు. ఎముకలు విరిగిన చప్పుడు నా గాజు విరిగిన చప్పుడు కంటె పెద్దది.

స్టేషను వెనక చెత్తకుప్పలో సగం ముక్కగా పడి ఉన్నాను. సంత కొట్లాట కేసులో బెయిలు మీద ఉన్న సూరి ప్రతి సోమవారం ఎడమచేత్తో వేలిముద్ర వేయడానికి వస్తాడు. గుమ్మంలో కానిస్టేబుళ్లు, వీధిలో జనం, అలవాటుగా అతని కుడిచేతి వైపు తొంగిచూస్తారు. మోచేయి దాకా గట్టి పిండికట్టు. లోపల ఆ చేయి వణుకుతోందో లేదో ఎవరికీ తెలియదు.