పైకీ కిందికీ కాకుండా

పదకొండో చొక్కా. కాలరు అయింది, చేతులు అయ్యాయి. వీపు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించేలోగా ఆమె ఎడమచెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్లి వచ్చింది. ఏమీ లేదు. అయినా మరోసారి చూసింది.

ఆ లాండ్రీలో ఆమెకిది ఇరవయ్యో ఏడు. అంతకుముందెప్పుడో భర్త చొక్కా ఉతకబోతే జేబులో తమది కాని ఇంటి తాళంచెవి దొరికింది. ఏమిటని అడిగింది. మర్నాటికల్లా అతను ఆ ఇంటికే వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఆమె ఏ జేబునూ చూడకుండా వదల్లేదు. పాలు మూడుసార్లు వాసన చూస్తుంది. తలుపుకి తాళం వేసి రెండు మెట్లు దిగి, వెనక్కొచ్చి లాగి చూస్తుంది.

"నీ నీడ వెనకాల వచ్చినా ఎవరు నువ్వని అడుగుతావే," అని నవ్వేది అక్క.

ఇప్పుడు అనుమానం ఆ అక్క మీదే. ముప్పై ఏళ్లు ఆస్పత్రి లిఫ్టు నడిపి రిటైరైన అక్క, రెండు గదుల ఇంట్లో ఆమెతోనే ఉంటోంది. రెండు నెలలుగా వారానికి మూడు రోజులు పది గంటలకి ఎక్కడికో బయల్దేరుతోంది. మోచేతి మీద కమిలిన మచ్చ. "బాత్రూంలో జారాను." వారం తిరక్కుండా పిక్క మీద ఇంకోటి. "మంచం కోడు తగిలింది." ఇవాళ పొద్దున ఉతకడానికి తీసిన ప్యాంటుకి మోకాళ్ల దగ్గర సిమెంటు దుమ్ము, చిన్న చిరుగు. ఎవరైనా కొడుతున్నారా? కళ్లు తిరిగి పడిపోతూ దాస్తోందా? లేక తియ్యటి మాటలు చెప్పి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారా? మూడోదే అయ్యుంటుందని తేల్చుకుంది.

పది కావస్తుండగా ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, తలనొప్పిగా ఉందని చెప్పింది.

"మీరు తెప్పించడం చూశాగానీ, మీకు రావడం ఇదే మొదలు," అన్నాడు లాండ్రీ యజమాని.

వీధి మలుపులో అక్క కనిపించింది. ఇరవై అడుగులు వెనకే ఉండి నడిచింది. మూతపడ్డ గోడౌను వెనక సిమెంటు నేల. అక్కడ ఒకావిడ కాచుకుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ఆమె చేతిలో నాలుగు చక్రాల చెక్క. స్కేట్‌బోర్డు.

చెల్లెలు గోడ చాటున నిలబడింది. అక్క తలకి హెల్మెట్ పెట్టుకుని చెక్క ఎక్కింది.

"మోకాళ్లు వంచక్కా. కిందికి చూడకు. చూపు ఎటుంటే బండి అటే పోతుంది."

అక్క ఒక కాలితో నేలని తోసింది. ఒక బార, రెండు బారలు, మూడో బార దగ్గర చెక్క ఒకవైపు, మనిషి ఒకవైపు.

చెల్లెలు ఒక్క పరుగున వెళ్లింది. "ఎవరమ్మా నువ్వు? ముసలిదాన్ని తోస్తావా?"

అక్క నేల మీద కూర్చునే పగలబడి నవ్వింది. "ఎవరూ తొయ్యలేదే. నేనే పడ్డా. ఇవాళ్టితో తొమ్మిదోసారి. ఈవిడ మా ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసేది, నాకు నేర్పుతోంది."

"ఈ వయసులో ఎందుకే నీకిది?"

"ముప్పై ఏళ్లు పైకీ కిందికీ తిరిగా. ఒక్కసారైనా పక్కకి వెళ్లి చూద్దామని."

"ఈవిడ నీ చేత ఏమైనా సంతకం పెట్టించుకుందా?"

ఎక్స్‌రే ఆవిడ మొహం చిన్నబోయింది. అక్క నవ్వు ఆగిపోయింది. లేచి, దుమ్ము దులుపుకుని, చెక్కని కాలితో చెల్లెలి ముందుకి తోసింది.

"ఎక్కు."

చెల్లెలు ముందుగా చెక్కని తిరగేసి చూసింది. నాలుగు చక్రాలూ తిప్పి చూసింది. మరలు గోటితో గీకి చూసింది. ఎక్కగానే భయంతో వెనక్కి వాలింది. చెక్క ముందుకి పారిపోయింది. ఆమె అరచేతులు నేలకి రాసుకుపోయాయి.

"వెనక్కి వాలకే. వాలితే పడతాం." అక్క చెయ్యి ఇచ్చింది.

రెండోసారి ఆ చెయ్యి పట్టుకుని ఒక బార దూరం వెళ్లింది. చెయ్యి మాత్రం వదల్లేదు. చక్రాల కింద సిమెంటు గరగరలాడుతూ జారిపోతుంటే ఆమె నోట్లోంచి చిన్నపిల్ల కేకలాంటిది ఒకటి వచ్చింది. వెంటనే ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

ఇంటికి నడుస్తూ అక్క చెప్పింది. ఎక్స్‌రే ఆవిడ వేరే ఊళ్లో స్కేటింగ్ నేర్పే హాలు తెరుస్తోంది. గేటు దగ్గర మనిషి కావాలంది, అక్క వస్తానంది. సాయంత్రం అయిదింటి బస్సుకి ప్రయాణం.

"ఇవాళా? నాకెందుకు చెప్పలేదు?"

"వెళ్లొద్దంటావని కాదు. ఎందుకెళ్తున్నానో చెప్పినా నమ్మవని."

మధ్యాహ్నం అక్క బట్టలు తానే ఇస్త్రీ చేసింది. ఒక చొక్కా జేబు దగ్గర ఎడమచెయ్యి ఆగింది. జేబు మీంచే పెట్టె నడిపి, మడతపెట్టి, సంచిలో సర్దింది.

బస్సు దగ్గర డ్రైవరు కళ్లు ఎర్రగా ఉన్నాయేమిటంది. వెనక టైరు అరిగిపోయిందంది. అక్క కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె తల నిమిరింది. బస్సు కదిలింది.

ఇంటికొచ్చి తాళం తీస్తుంటే అరచేతులు భగ్గుమన్నాయి. లోపల దీపం వేసింది. కిటికీ గూట్లో దెబ్బలకి రాసే మందు ట్యూబు ఉంది. ఈ రెండు నెలలూ అక్క దాన్ని ఎక్కడ దాచిందో, ఆమె కంట పడనే లేదు. అడుగు నుంచి సగం దాకా జాగ్రత్తగా మడిచి ఉంది, తిప్పే పని లేకుండా మూత తీసి పక్కనే పెట్టి.