కుడి బూటు

రాయే అయి ఉంటుంది, కుడికాలి వేళ్ళ సందున ఒత్తుకుంటున్నది గులకరాయి కాక మరేమిటి, నిన్న సాయంత్రం నుంచీ సతాయిస్తోంది, రాత్రి చీకట్లో విప్పి దాచే హడావుడిలో దులపడం మరిచాడు, ఇప్పుడు బూటు విప్పి దులిపితే అర నిమిషం పని, కానీ విప్పడు వెంకటరాముడు, పెళ్ళాం పక్కనుండగా ఈ బూట్లు విప్పే ప్రసక్తే లేదు, రాయి గుచ్చితే గుచ్చనీ, అనుకుంటూ చేతిలోని, లోహాన్ని పసిగట్టే యంత్రాన్ని ఇసుక మీద ఎడమ నుంచి కుడికి ఆడించాడు, అది కుయ్‌మంది, వంగి తవ్వితే ఇసుక, ఇంకా తవ్వితే చల్లటి ఇసుక, ఒక అడుగు ముందుకేసి మళ్ళీ ఆడిస్తే మళ్ళీ కుయ్, మహబూలా బీచ్ అంతా ఇనుప గనిలా ఉందే అని నవ్వుకుందామంటే నవ్వు రాలేదు, ఎదురుగా సముద్రం ఉండాల్సిన చోట తెల్లగా పొగమంచు, అలల చప్పుడు తప్ప అలలు లేవు. యంత్రం ఖాజా హుస్సేన్‌ది, వెంకటరాముడు పనిచేసే సబ్హాన్ వర్క్‌షాపులో స్టోర్ చూసే మనిషి, సెలవు రోజుల్లో దీన్ని పట్టుకుని బీచుల్లో ఉంగరాలూ చిల్లరా ఏరుకుంటాడు, తొందర పడద్దు భాయ్, ఇనుమున్నా వెండున్నా అదే అరుస్తాది అని చెప్పి మరీ ఇచ్చాడు, నిజమే, అరుస్తోంది, అరవడం ఆపడం లేదు.

దొరికెనా, అని వెనక నుంచి చంద్రిక, చాప మీద పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నెల రోజుల విజిట్ వీసా మీద తల్లీ కూతురూ రాయచోటి నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చారు, ఎల్లుండి ప్రయాణం, నెలంతా నవ్వుతూ తిరిగిన మనిషి నిన్న కుడికాలి మెట్టె పోయిందని తెలిసినప్పటి నుంచీ మొహం గంటు పెట్టుకుంది, బోసికాలితో నేను ఇమానం ఎక్కేదే లేదు, నీకేమన్నా అయితే మీ అమ్మ నన్ను బతకనిచ్చాదా, వెతుకు, అంటోంది, ఏం కాదులేవే అన్నాడు గాని గొంతు తనకే నమ్మకంగా వినిపించలేదు, ఎందుకంటే నిన్న తప్పు తనదే, పాపతో నీళ్ళలోకి దిగుతూ బూట్లు విప్పి చాప వెనక దాచాడు, బిర్యానీ గిన్నె కడగడానికి పోతూ గవ్వలు గుచ్చుకుంటాయని చంద్రిక వాటిలో కాళ్ళు దూర్చింది, చూసి, విప్పు, విప్పు అంటాండా గదా, అని బీచంతా తిరిగి చూసేలా అరిచాడు, ఆమె బిత్తరపోయి కాళ్ళు లాక్కుంది, బూట్లకు గూడా మడేంది నీకు అంది.

కుయ్, ఈసారి ఎడమకాలి దగ్గర, తవ్వితే ఏమీ లేదు, నాలుగడుగులు పక్కకు పోయాడు, కుయ్, తను ఎక్కడికి పోతే అక్కడికి వస్తోంది, నిలబడి యంత్రాన్ని దూరంగా చాస్తే మౌనం, దగ్గరికి తెచ్చుకుంటే కుయ్, ఎవరో కాళ్ళ దగ్గరే కూర్చుని పలుకుతున్నట్టు, వెనక్కి చూస్తే చాప కనపడలేదు, చంద్రిక కనపడలేదు, మంచులో ముందు మాత్రం ఇసుక మీద బూటు అచ్చులు, పెద్దవి, తాజావి, గళ్ళగళ్ళ అడుగు, తన బూటు అచ్చే, తనకంటే ముందు నడిచిందెవరు, తిరిగి తిరిగి తన దారిలోకే వచ్చానని బుర్రకు ఎక్కేలోపు చెవిలో ఆ మాట వినపడనే వినపడింది, నా బూట్లకు కాళ్ళొచ్చినాయే, నవ్వుతూ అన్న మాట, తన ఊరివాడే, తనతో పాటు పనిచేసిన చిన్నపుల్లయ్య అన్న ఆఖరి మాట.

పద్నాలుగు నెలలైంది, ఆ వేళ వాన పడి వర్క్‌షాపు ముందంతా తడి, వెంకటరాముడి బూట్ల అడుగులు అరిగి అరిగి అద్దంలా ఉన్నాయి, పుల్లయ్యవి వచ్చి మూడు రోజులే, లేసుల కింది నాలుకలో మార్కర్‌తో చి.పు. అని రాసుకున్నాడు, అందరివీ ఒకేలా ఉంటాయి కదా, పుల్లయ్య చేతులు కడుక్కోడానికి లోపలికి పోయిన ఆ రెండు నిమిషాల్లో తను వాటిని వేసుకుని పనిలోకి పోయాడు, ఒక్క పూటకే, మధ్యాహ్నం ఇచ్చేద్దామనే, పుల్లయ్య వచ్చి అటూ ఇటూ చూసి, నా బూట్లకు కాళ్ళొచ్చినాయే అని నవ్వాడు, తను గ్రైండర్ చప్పుడులో వినపడనట్టు తల దించుకున్నాడు, ఫోర్‌మన్ యల్లా యల్లా, కదలండి కదలండి అని కేకలేస్తుంటే పుల్లయ్య మిగిలి ఉన్న జతలో కాళ్ళు దూర్చి, ఆ అద్దాల్లాంటి అడుగులతో, తడిసిన ట్రెయిలర్ ఎక్కాడు. దబ్బుమన్న చప్పుడు మాత్రం గ్రైండర్లోంచి కూడా వినపడింది.

జారిపడి చచ్చిపోయాడు, అరిగిన బూట్లు వేసుకోవడం మనిషి సొంత అజాగ్రత్త అని కంపెనీవాళ్ళు కాగితంలో రాశారు, నాలుగో రోజు పుల్లయ్య పెళ్ళాం పోలేరమ్మ ఫోను చేసి, కొత్త బూట్లొచ్చినాయని నాకు ఫొటో పంపిచ్చినాడే, మరి పాతవి ఎందుకేసుకున్యాడన్నా అని ఏడిస్తే, ఇంటికి తెచ్చుకుందామని దాచిపెట్టుకున్యాడేమో మ్మా అన్నాడు, నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో, బూట్లు దాచుకోబోయి ప్రాణం పోగొట్టుకున్న పిసినారి అని ఊరంతా నమ్మింది, పోలేరమ్మ కూడా నమ్మింది, మెట్టెలు తీసేసిన కాళ్ళతో చంద్రిక దగ్గరికొచ్చి, ఆ దాచిపెట్టుకున్యవి యాడన్నా ఉంటే తెచ్చియ్యక్కా, మా ఇంట్లో పెట్టుకుంటా అని అడిగిందట, దొరకలేదని చెప్పాడు, వాటిని తొడుక్కునే చెప్పాడు, పారేస్తే ఎవరి కంట పడతాయోనని మొదట భయానికి వేసుకున్నవి, తర్వాత కాళ్ళకు అలవాటైపోయాయి.

నాయినా, నాకియ్యి, అంటూ పాప మంచులోంచి ఊడిపడి యంత్రం లాక్కుంది, వెనకే చంద్రిక, పాప తిప్పుకుంటూ పోతే చప్పుడు లేదు, తన దగ్గరికొస్తే కుయ్, అమా, మెట్టె నాయిన కాళ్ళకాడ ఉండాది అని గంతులేసింది, అప్పుడు తట్టింది, బూట్ల ముందు భాగంలో తోలు కింద ఇనుప రేకు ఉంటుంది, పనివాళ్ళ బూట్లు కదా, ఇరవై ఏళ్ళుగా ఇనుముతో బతికేవాడికి ఆ మాత్రం తట్టలేదు, దయ్యమూ లేదు గియ్యమూ లేదు, హమ్మయ్య అని ఒక్కసారి నవ్వొచ్చింది, పైకే చెప్పేశాడు, బూట్లలో ఇనుమే, అదీ సంగతి, అంతే, అయితే విప్పి వెతుకు మరి, అంది చంద్రిక, నవ్వు ఆగిపోయింది.

చలిగా ఉండాదే అన్నాడు, ఆమె వినలేదు, మోకాళ్ళ మీద కూర్చుని లేసులు తనే లాగింది, ఎడమది వచ్చింది, కుడిది వచ్చింది, బోర్లించి దులిపితే ఇసుక రాలింది, ఇంకోసారి తడితే రాయి కాదు, వెండి మెట్టె, ఆమె అరచేతిలో పడింది, నిన్న బెదిరి కాలు లాక్కున్నప్పుడు జారి అక్కడే ఉండిపోయింది, రాత్రంతా, పొద్దుటినుంచీ, చచ్చిపోయినవాడి బూటులో తన పెళ్ళాం మెట్టె, దాన్ని తొక్కుకుంటూ తను, చంద్రిక మొహం వెలిగింది, దేవుడా అంది, అంతలో చేతిలోని బూటు నాలుక వెనక్కి వాలి చి.పు. అన్న అక్షరాలు బయటపడ్డాయి, వెలిగిన మొహం మెల్లగా ఆరిపోయింది, ఇవి పుల్లయ్యన్నవి గదా, అంది, అడిగినట్టు లేదు.

కింద ఇసుక మంచులా ఉంది, బోసికాళ్ళకు చలి తగిలింది, పుల్లయ్య వెంటపడ్డాడనుకున్నాడు, ఎవరూ పడలేదు, పాపం అతను ఎవరినీ ఏమీ అనలేదు, నవ్వి ఊరుకున్నాడు, యంత్రం కూడా పొద్దుటినుంచీ ఒక్క అబద్ధమూ చెప్పలేదు, చంద్రిక మెట్టెను కాలికి పెట్టుకోకుండా పిడికిట్లో బిగించుకుని తననే చూస్తోంది, ఆ పిడికిలి వంక చూస్తూ జేబులోంచి ఫోను తీశాడు, ఇప్పుడక్కడ తొమ్మిదిన్నర, పోలేరమ్మ పొలానికి పోయి ఉండదు, మోగుతోంది, ఎవురూ అంటోంది, ఏమి చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు, ఒకటే ఉంది, పోలేరమ్మా, పుల్లయ్య ఏమీ దాచిపెట్టుకోలే మ్మా, దాచింది నేను.