పట్టినవాడిదే బంతి

ముందు వరుసలో మోకాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. ఎదురుగా మెత్తలు కట్టిన అడ్డుగోడ, దాని అవతల ఆట. అయినా ఆర్విడ్ టోలెఫ్సన్ పదకొండేళ్లుగా అదే సీటు కొంటున్నాడు, అదే సణుగుడు సణుగుతున్నాడు.

అమెరికాలోని నెబ్రాస్కాలో, చలికాలమంతా మంచు మీద హాకీ ఆడే హాలు అది. ఆ మంచు మీద పలకలు పరిచి, పైన పచ్చ తివాచీ వేసి, బంతిని చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిస్తారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆర్విడ్ కొడుకు ట్రెంట్. పగలు టైర్ల షాపులో పని. జట్టు మూడుసార్లు మూతపడి మూడుసార్లు కొత్త పేరుతో లేచింది. ట్రెంట్ మారలేదు, ఆర్విడ్ తొడుక్కునే జట్టు జాకెట్లే మారాయి. మందుల షాపులో బీపీ మాత్రలు కొంటూ కూడా, "మావాడు ప్రొఫెషనల్ క్వార్టర్‌బ్యాక్" అని చెప్పనిదే సంచీ అందుకోడు.

పక్కింటి గ్లెన్ కొడుకు పళ్ల డాక్టరు. అందుకని ప్రతి ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర గ్లెన్, "ఏమోయ్, మీవాడు ఇంకా వరండా ఫుట్‌బాలేనా? బయట మైదానాలు ఖాళీ లేవా?" అనేవాడు.

ఈ ఆటలో గోడ దాటి జనంలో పడ్డ బంతి పట్టుకున్నవాడిదే. ఆ నియమాన్ని ఆర్విడ్ చుట్టుపక్కల సీట్లన్నిటికీ ఉచితంగా బోధించేవాడు. ఏడుస్తున్న పాప కోసం బంతి అడగవచ్చిన తల్లిని, "నియమం నియమమేనమ్మా" అని వెనక్కి పంపాడు, బంతి తనది కాకపోయినా.

తనకు మాత్రం ఒక్కటీ దొరకలేదు.

"ఇంటికొకటి తెస్తాలే నాన్నా," అనేవాడు ట్రెంట్.

"తేవడానికి అదేమన్నా పాల డబ్బానా? గాల్లోంచి రావాలి. నేను పట్టాలి."

ముప్పై ఆరో ఏట ట్రెంట్ భుజం ఇక చాలంది. ఆఖరి ఆటనాడు ట్రెంట్ తల్లి లవోన్‌కు చర్చిలో పాటల సాధన ఉండటంతో, ఆర్విడ్ రెండో టికెట్టు మీద గ్లెన్‌ను లాక్కొచ్చాడు.

ఇరవై పాయింట్ల తేడాతో గెలిచారు. ఆఖరి గంట మోగేసరికి బంతి ట్రెంట్ చేతిలోనే ఉంది. తలెత్తి తండ్రి కేసి చూశాడు. విసిరాడు. నలభై గజాలు, గింగిరాలు తిరుగుతూ, గీత గీసినట్టు వచ్చింది.

ఆ క్షణాన ఆర్విడ్ కుడిచేతికి అభిమానులు తొడుక్కునే పెద్ద స్పాంజి చెయ్యి ఉంది. ఎడమచేతిలో వీడియో తీస్తున్న ఫోనుంది. బంతి స్పాంజి వేలికి తగిలి గ్లెన్ ఒళ్లోకి దూకింది. గ్లెన్ రెండు చేతులా వాటేసుకున్నాడు.

"ఇలా తే," అన్నాడు ఆర్విడ్.

"పట్టినవాడిదే కదోయ్. ఇందాకే చెప్పావు, రెండుసార్లు."

వెనక వరుస మొత్తం తలూపింది. వాళ్లకు ఆ పాఠం కంఠస్థం.

ఇప్పుడా బంతి గ్లెన్ ఇంటి హాల్లో అద్దాల పెట్టెలో ఉంది. పళ్ల డాక్టరు ఫొటో పక్కకు జరిగింది. చర్చిలో కనపడ్డవాళ్లందరికీ గ్లెన్ చెబుతున్నాడు: "ప్రొఫెషనల్ క్వార్టర్‌బ్యాక్ విసిరింది. నలభై గజాలు. వాణ్ణి చిన్నప్పట్నుంచీ ఎరుగుదును నేను." ఆర్విడ్ పక్కనే నిలబడి మూడో కప్పు కాఫీ పోసుకుంటాడు, ఇంకోసారి చెబుతాడేమోనని.

"వెళ్లి అడుగు, లేదా మానెయ్," అంటుంది లవోన్. "నిద్రలో స్పాంజిని తిట్టడం మాత్రం ఆపు."

అడిగితే గ్లెన్ ఇచ్చేస్తాడు, మనిషి మంచివాడే. ఇచ్చిన మర్నాటి నుంచి మళ్లీ వరండా ఫుట్‌బాల్ అంటాడు. అడక్కపోతే, ట్రెంట్ తండ్రికని విసిరిన బంతి పక్కింట్లోనే ఉండిపోతుంది.

బాబ్బాబు, మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి. అడగమనాలా, వద్దా? ఆదివారం లోపే చెప్పండి. గ్లెన్ భోజనానికి పిలిచాడు, కుర్చీ సరిగ్గా ఆ పెట్టెకు ఎదురుగా వేస్తాడు.