భయం లేని ఇంటి ప్రారంభోత్సవం

బళ్లారి బస్టాండులో, రైల్వే స్టేషనులో దొరికిన ఆడపిల్లల కోసం మోక ఊరికి పోయే దారిలో ఒక ఆశ్రమం ఉంది. దాని డైరెక్టరు వెంకటరామి సారు. పిల్లల మనసుకు తగిలిన గాయాల గురించి ఆయన మైకు పట్టుకుంటే వినేవాళ్లకు కన్నీళ్లు ఆగవు. ఆ పిల్లలతో మాట్లాడే తీరిక మాత్రం ఆయనకు దొరకలేదు. అలాంటి చిల్లర పనులకు వార్డెను కృపమణి ఉంది. తలలు దువ్వడం, అన్నం పెట్టడం, ఉలిక్కిపడ్డ పిల్ల పక్కన కూర్చోవడం ఆమె ఉద్యోగం.

కొత్తగా కట్టిన గదులకు సారు ‘భయం లేని ఇల్లు’ అని పేరు పెట్టాడు. ప్రారంభానికి రెండు పెద్ద టపాసుల సరాలు తెప్పించాడు.

“సార్, టపాసులొద్దు సార్. క్వారీ పేలుడులో సుమ వాళ్లమ్మ దాని కండ్ల ముందరే పోయింది. చప్పుడంటే ఆ పాప వణికిపోతాది,” అంది కృపమణి.

“అది ఫైల్లో రాసింది నేనేనమ్మా,” అన్నాడు సారు నొచ్చుకుంటూ. రాసేశాక ఇంకా వణకడం ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. పైగా అతిథికి పూలివ్వాల్సింది సుమే. ఫోటోలో దాని కళ్లు బాగా పడతాయట.

సిరుగుప్ప నుంచి ముఖ్య అతిథిగా రైసుమిల్లు యజమాని రుద్రేశ్ వచ్చి కారు దిగాడు. మొదటి సరం పేలింది. పూలు కిందపడ్డాయి, సుమ మాయమైంది.

వంటింటి వెనుక బియ్యం బస్తాల సందులో, చెవులు మూసుకుని ఉంది. కృపమణి చెయ్యి పట్టి లాగలేదు. ఎదురుగా నేలమీద కూర్చుంది.

“అయిపోయిందా అక్కా?”

అయిపోయిందని అనేయొచ్చు. కృపమణికి నోరు రాలేదు.

“ఇంగొకటి ఉండాది. ఈడే ఉండు, వస్తా.”

తొట్టిలోంచి బకెట్టు నింపుకుని నేరుగా వేదిక దగ్గరకు పోయింది. సారు అగ్గిపుల్ల గీసేలోపు నీళ్లన్నీ సరం మీద కుమ్మరించింది. సగం సారు ప్యాంటు మీద పడ్డాయి.

“మంచి ఆచారమప్పా, నీళ్లు చల్లి మొదలుపెట్టేది,” అని రుద్రేశ్ చప్పట్లు కొట్టాడు. సారూ కొట్టక తప్పలేదు.

సోమవారం ఆఫీసు నుంచి కృపమణికి నోటీసు వచ్చింది. ఎనిమిది నెలలుగా పుస్తకం ముట్టని సుమ ఆ కాగితం లాక్కుని వేలు పెట్టి చదివింది.

“సం... జా... యి... షీ. అంటే ఏందక్కా?”

“నీళ్లెందుకు పోసినావో చెప్పమంటాండారు.”

“నేను రాస్తా.”

సుమ పెన్సిలు గట్టిగా అదిమి రాసింది: ‘నేను బయపడినా. అక్క నీల్లు పోసింది.’ కృపమణి ఒక్క అక్షరం కూడా దిద్దకుండా దాన్నే ఆఫీసులో ఇచ్చింది.

సారు రెండు రోజులు కోపంగా తిరిగాడు. మూడో రోజు ఆ కాగితానికి ఫ్రేము కట్టించాడు. అతిథులు వస్తే ఇప్పుడు దాన్నే చూపిస్తాడు, తన బోధనా పద్ధతికి తిరుగులేని సాక్ష్యంగా.