మిద్దెల మీద గోడ

లిబియా ఎడారిలోని మా గదామిస్‌లో కింది సందులు మగవాళ్లవి, మిద్దెలు ఆడవాళ్లవి. వంటిళ్లు కూడా మిద్దె మీదే. ఉప్పు నిండుకుంటే పిట్టగోడ దాటి పక్కింటికి పోవడమే.

మా తిబ్రా పిన్నికి డెబ్బై ఏళ్లు. రోజూ పొద్దున్నే ఏడు మిద్దెలు దాటి చూపు తగ్గిన చెల్లెలి ఇంటికి వెళ్లేది. మధ్యలో, మా పక్కనే, మిఫ్తాహ్ మిద్దె. వాడు ఆ ఏడాదే ట్రిపోలీ నుంచి ఇంతిసార్‌ను పెళ్లి చేసుకొచ్చాడు. ఆ పిల్ల మిద్దె మీద తల రుద్దుకుంటుంటే, చెప్పాపెట్టకుండా పిన్ని దిగింది. పిల్ల హడలిపోయింది. శుక్రవారానికల్లా మిఫ్తాహ్ నిలువెత్తు గోడలు లేపాడు, అటూ ఇటూ.

మా ఆడవాళ్లు భగ్గుమన్నారు. పిన్ని మాత్రం, "కొత్త పిల్ల, భయపడింది. ఉండనీండే," అంది. మగవాళ్లు నమాజుకు వెళ్లిన వేళ చూసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి సందులోంచే వెళ్లి వచ్చేది.

మూడు వారాలయ్యాక ఒకరోజు నేనూ పిన్నీ వంట చేస్తుంటే గోడ అవతల నుంచి మాడు వాసన వచ్చింది.

"అమ్మాయ్, రొట్టె మాడుతోంది," అంది పిన్ని.

"తెలుసు," అంది అవతలి గొంతు.

"మంట తగ్గించి బూడిద కప్పు."

అవతల బూడిద కప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఇంతిసారే అడిగింది. "మీ ఇళ్లలో గోడల మీద ఆ ఎర్ర ముగ్గులు ఎవరేస్తారు? మా ఇల్లు ఆసుపత్రిలా తెల్లగా ఉంది."

"కొత్త కోడలే వేస్తుంది, అత్తగారు నేర్పుతుంది."

"మా అత్తగారు పోయారుగా."

"నేనున్నాగా."

"మరి ఎలా వస్తారు?"

"మీ ఆయన్ని అడుగు. కట్టినవాడికి తెలియాలి."

మర్నాడే మిఫ్తాహ్ రెండు గోడలనూ నడుము ఎత్తుకు దించేశాడు. తీసిన ఇటుకలతో పిన్ని మోకాళ్ల కోసం అటూ ఇటూ మెట్లు కట్టాడు. సందులో అరుగు మీది వాళ్లు ఊరుకుంటారా?

"ఏరా, నువ్వు కట్టింది గోడా, మెట్లా?"

"మా ఆవిడ గోడంటే గోడ, మెట్లంటే మెట్లు. నేను తాపీవాణ్ణి, అంతే," అన్నాడు వాడు, నవ్వుతూనే.

నాలుగు రోజులు పిన్ని పగలంతా ఆ ఇంట్లోనే ఉంది. ఆ మెట్లు ఎక్కేముందు "వస్తున్నానే" అని కేకేయడం అప్పుడే అలవాటు చేసుకుంది. ఎర్రరంగు కలిపి, త్రికోణాలు, చుక్కలు, ఖర్జూరపు మట్టలు ఎలా వేయాలో చేయి పట్టి చూపించింది. ఇంతిసార్ మొదటి నక్షత్రం వంకరపోయింది. చెరపబోతే పిన్ని ఒప్పుకోలేదు. "కొత్త కాపురం అని తెలియాలిగా," అంది.

ఆఖరి రోజు మెట్ల పక్కన మిగిలిన జాగాలో ఇంతిసార్ ఒంపులు తిరిగే గీత ఒకటి గీసింది.

"ఇదేంటే?"

"సముద్రం, పిన్నీ. మా ఇంటి కిటికీలోంచి కనిపించేది."

పిన్ని సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఎంత లోతుంటుంది, నీళ్లు తాగొచ్చా, అని చాలాసేపు అడిగింది. ఆ తర్వాత కుంచె అందుకుని ఆ గీత కింద ఇంకో రెండు గీతలు వేసింది. సాయంత్రం మేమంతా మా ఊరి అలవాటు ప్రకారం రాగిగిన్నెలు తెచ్చి ఆ గోడలకు వేలాడదీశాం. ఇంతిసార్ రొట్టెలు పెట్టింది. అంచులు కొంచెం మాడినా ఒక్కటీ మిగల్లేదు.